పునాది కింది పునాది

తీరాంధ్ర విశ్వవిద్యాలయంలో ఆ ఏడాదిని పునాది సంవత్సరంగా ప్రకటించారు. ఇన్‌ఛార్జి ఉపకులపతిగారు ఏదో పెద్ద నగరంలో ఏదో పెద్ద సదస్సుకు వెళ్ళి, పునాది లేని చదువు దేశానికి చేటు అని అక్కడెవరో అంటే విని, ఆ మాట చల్లారకముందే పట్టుకుని విమానంలో వచ్చేశారు. రాగానే ఉత్తర్వు వేశారు. ఇకమీదట ఏ కోర్సులో చేరాలన్నా దానికి ముందుండాల్సిన కోర్సు చదివి ఉండాలి. ఆ ముందు కోర్సుకు ముందుండాల్సింది కూడా చదివి ఉండాలి. దీనికి పూర్వార్హత అని పేరు పెట్టి, పరిశీలించడానికి ఒక సంఘాన్ని వేసి, గేటు దగ్గర నిలువెత్తు ఫ్లెక్సీ కట్టించారు. ఫ్లెక్సీలో ఉపకులపతిగారు చేత ఇటుక పట్టుకుని నవ్వుతున్నారు.

పునాదుల విషయంలో ఆ విశ్వవిద్యాలయానికి అనుభవం తక్కువేమీ కాదు. సైన్సు భవనానికి శంకుస్థాపన ఒకటికి మూడుసార్లు జరిగింది. శిలాఫలకాలు పక్కపక్కనే ఉన్నాయి. వాటి నీడన మేకలు పడుకుంటాయి. భవనం ఉంటే మేకలకు ఇంకాస్త నీడ ఉండేది.

కోటిరత్నం ఆ ఫ్లెక్సీ కిందుగా నడిచి లోపలికి వచ్చిన రోజు ఎండ మండిపోతోంది. ఆమెది చింతాయపాలెం, ఉప్పుకాలవ ఒడ్డున ఊరు. తండ్రి తన్నీరు చెన్నయ్యకు కాలవకు ఆనుకుని చేను ఉంది. ఒకప్పుడు అందులో వేరుశనగ పండేది. చుట్టూ రొయ్యల చెరువులు లేచాక చేను మీద పిండి చల్లినట్టు తెల్లగా చౌడు పొంగింది. అప్పటినుంచి ఏడాదికోసారి ఎవరో ఒక ఆఫీసరు జీపులో వచ్చి, చేలో గొయ్యి తీయించి, మట్టిని ప్లాస్టిక్ కవర్లో పోసి, దాని మీద చెన్నయ్య పేరు రాసి పట్టుకుపోయేవాడు. పరీక్ష చేసి ఫలితం పంపుతామనేవాడు. మట్టి వెళ్ళేది గాని కబురు వచ్చేది కాదు.

చిన్నప్పుడు గొయ్యి గట్టున కూర్చుని ఇదంతా చూసిన కోటిరత్నానికి ఒక్కటే పట్టుకుంది. ఆ మట్టి ఎక్కడికి పోతోంది? పోయినచోట దాన్ని ఏమని అడుగుతారు? అది ఏం చెబుతుంది? డిగ్రీ కాగానే, మట్టి పోయిన చోటికి తానూ పోవాలని నేలల శాస్త్రం ఎమ్మెస్సీకి దరఖాస్తు పెట్టింది.

చెన్నయ్య ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. పక్క చెరువు ఆసామి చేను కౌలుకిమ్మని, చెరువు తవ్వుకుంటానని రోజూ వచ్చి అడుగుతున్నాడు. ఒకసారి పొక్లెయిన్ దిగిందంటే అది ఇక చేను కాదు. "నీకు సీటొస్తే ఆగుతా. నువ్వు చదివి ఆ మట్టికేమయిందో చెబుదువు గాని. రాకపోతే అమావాస్య దాటాక మిషను దింపమంటా" అన్నాడు కూతురితో. ఆ ఏడాది మొత్తానికి ఆయన ఆడిన మాటల్లో అదే పెద్దది.

నేలల శాస్త్ర విభాగం మేడ మీద చివరి గది. దారి పొడుగునా తలుపులకు బోర్డులు. ప్రతి బోర్డు మీదా 'ఇన్‌ఛార్జి' అన్న మాట నల్ల పెయింటుతో నిలకడగా రాసి ఉంది. దాని కింద మనిషి పేరు మాత్రం సుద్దముక్కతో రాసి ఉంది. పేర్లు చెరిపి చెరిపి ఆ చోటు బూడిదరంగుకు వచ్చింది.

చివరి గది తలుపు గాలికి కొట్టుకోకుండా కింద ఒక ప్లాస్టిక్ కవరు అడ్డం పెట్టారు. లోపల మట్టి. కోటిరత్నం వంగి చూసింది. వెలిసిపోయిన అక్షరాలు. 'తన్నీరు చెన్నయ్య, చింతాయపాలెం.' మూతికి కట్టిన పురికొస ముడి కట్టినట్టే ఉంది. గది మూలన అలాంటి కవర్లే నడుమెత్తు గుట్టగా పడి ఉన్నాయి. ఆమె చాలాసేపు ఆ ముడి వంకే చూసింది.

"ఎవరమ్మా?" అని లోపలినుంచి ఒక పెద్దాయన అడిగారు. జరీ అంచు కండువా, నుదుట విభూతి.

"ఎమ్మెస్సీలో చేరడానికొచ్చాను సార్."

ఆయన గబుక్కున లేచి తన కుర్చీ ఆమెవైపు జరిపారు. "చేరడానికా! కూర్చో తల్లీ, కూర్చో. ఎంతకాలానికి! ఈ ఏడు కూడా ఎవరూ చేరకపోతే విభాగాన్ని మూసేస్తామన్నారు. ఈ మేడ మొత్తం మీద తిరిగే ఫ్యాను ఇదొక్కటే."

"మీరు నేలల ప్రొఫెసరా సార్?"

"నేను తెలుగమ్మా. దివి రంగనాయకులు. ప్రబంధాలు చెబుతాను. ఇక్కడి ప్రొఫెసరు రిటైరయ్యాక, అసలు మనిషి వచ్చేదాకా కూర్చోమని నన్ను ఇన్‌ఛార్జిగా వేశారు. నా పరిశోధన పేరు 'కవిత్వంలో మట్టి వాసన'. ఆ మట్టి అన్న ఒక్క మాట పట్టుకుని కూర్చోబెట్టారు."

"మరి ఈ మట్టి ఎవరూ విప్పలేదేం సార్?"

"విప్పి ఏం చేయాలో తెలిసినవాళ్ళు రాలేదు. నేను ఇన్‌ఛార్జిని. పారెయ్యకుండా చూడటం వరకే నా బాధ్యత" అని ఆయన నిజాయితీగా చెప్పారు. తర్వాత ఆమె డిగ్రీ మార్కులు చూసి, కండువాతో మొహం తుడుచుకున్నారు. "రసాయనశాస్త్రం లేదే! పోయినేడాది దాకా అయితే నేనే సంతకం పెట్టేవాణ్ణి. ఇది పునాది సంవత్సరం గదా తల్లీ. సంఘం ముందుకు రావాలి."

*

పూర్వార్హతల పరిశీలనా సంఘానికి అధ్యక్షుడు ఇన్‌ఛార్జి రిజిస్ట్రారు ఏకాంబరంగారు. ఆయన అసలు ఉద్యోగం ఆటల విభాగంలో. మెడలో ఈల ఇంకా వేలాడుతూనే ఉంటుంది. సమావేశం మొదలుకావాలన్నా, ఎవరైనా ఎక్కువ మాట్లాడుతున్నా ఊదుతారు. ఆయనకు కుడివైపు ఇన్‌ఛార్జి పరీక్షల అధికారి. ఈయన గ్రంథాలయం నుంచి వచ్చిన మనిషి, అలవాటు కొద్దీ ఏది మాట్లాడినా గుసగుసగానే మాట్లాడతాడు. ఎడమవైపు రంగనాయకులుగారు.

ఈల మోగింది.

"అభ్యర్థిని డిగ్రీలో వృక్షశాస్త్రము, జంతుశాస్త్రము అభ్యసించినట్లు గమనించడమైనది. మూడవది?"

"టూరిజం సార్."

"రసాయనశాస్త్రం ఏదీ?"

"మా కాలేజీలో తీసేశారు సార్, నేను చేరిన ఏడే. పిల్లలు చాలట్లేదని ఇక్కణ్ణించే కాగితం వచ్చింది. దాని బదులు టూరిజం పెట్టారు."

"అందులో ఏం నేర్పారు?"

"చేతిగుడ్డని నెమలిలాగా మడవటం సార్. అతిథి ఎదురొస్తే ఎంతమేర వంగాలో, అది."

పరీక్షల అధికారి ఆసక్తిగా రాసుకున్నాడు. ఏకాంబరంగారు గొంతు సవరించుకున్నారు. "విశ్వవిద్యాలయం సదరు కోర్సును ఉపసంహరించుకున్న మాట వాస్తవమే. అయితే, ఉపసంహరించుకున్న కోర్సును చదవరాదని విశ్వవిద్యాలయం ఎక్కడా ఆదేశించియుండలేదు."

"లేని క్లాసుకి ఎట్టా పోవాలి సార్?"

"అది విద్యార్థి చొరవకు సంబంధించిన అంశం. అయినను విశ్వవిద్యాలయం తల్లివంటిది. దారి చూపకుండా ఉండదు. రసాయన వారధి అని ఒక కోర్సున్నది. అది పూర్తిచేసి రావలసినది."

కోటిరత్నం ఊపిరి పీల్చుకుంది. "చేస్తాను సార్. ఎప్పుడు చేరను?"

"వారధికి గణితం పూర్వార్హత. గణితం ఉన్నదా?"

లేదు. ఇంటర్లో ఆమెది బైపీసీ. అయితే గణిత వారధి చేయాలి. దానికి పదో తరగతి గణితం పునాది. పదో తరగతి ప్యాసయింది గదా అని రంగనాయకులుగారు అందుకోబోయారు. పరీక్షల అధికారి వంగి ఆ సంవత్సరం చూశాడు. దేశమంతా జబ్బుతో తలుపులేసుకున్న ఏడాది అది.

"ఆ ఏడు పరీక్షలు జరగలేదు. అందరినీ ప్యాస్ చేశారు" అని గుసగుసగా అన్నాడు. "పరీక్ష లేనిచోట ప్యాస్ అనేది ఒక అభిప్రాయం మాత్రమే."

"అభిప్రాయం మీద భవనం కట్టలేం" అన్నారు ఏకాంబరంగారు. "తొమ్మిది?"

తొమ్మిదో తరగతికీ అంతకు కింది వాటికీ ఎవరినీ ఫెయిల్ చేయకూడదని అప్పట్లో ప్రభుత్వం నియమం పెట్టింది. ఎవరూ ఫెయిలుకాని తరగతిలో ఎవరూ ప్యాసయినట్టు కాదని సంఘం ఏకగ్రీవంగా భావించింది. ఆ ఒక్క తీర్మానంతో తొమ్మిది నుంచి ఒకటి దాకా తరగతులన్నీ బొరబొరా జారిపోయాయి. కోటిరత్నం వాటిని వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ నిలబడింది. బడికి పోయిన ఏళ్ళన్నీ ఎవరో గోచీ లాగినట్టు లాగేస్తుంటే ఏం పట్టుకోవాలో తోచలేదు.

"ఒకటో తరగతికి ముందు?"

"ముందేం లేదు సార్. మా నాయన భుజాన ఎక్కించుకొనిపోయి బళ్ళో దించాడు."

"అంగన్‌వాడీ?"

"పోలేదు."

సంఘం ముఖాలు ఒక్కసారిగా విప్పారాయి. పునాది తవ్వేవాళ్ళకు గట్టినేల తగిలి పలుగు ఖంగుమన్నప్పుడు ఉండే తృప్తి అది. ఏకాంబరంగారు ఈల అందుకుని పొడుగ్గా ఊదారు.

"దొరికింది! లోపం ఇక్కడున్నది. పై అంతస్తులన్నీ దీని మీదనే ఆధారపడియున్నవి. అభ్యర్థిని అంగన్‌వాడీ విద్యను సంతృప్తికరముగా పూర్తిచేసినట్లు ధ్రువపత్రం దాఖలుపరచిన పక్షంలో పై తరగతులన్నీ వాటంతట అవే స్థిరపడునట్లు పరిగణించి, ప్రవేశమును సానుకూలముగా పరిశీలించడం జరుగుతుంది."

"అభినందనలమ్మా" అన్నాడు పరీక్షల అధికారి గుసగుసగా.

*

ఇంటికి వెళ్ళేసరికి చెన్నయ్య గొడ్డుకు గడ్డి వేస్తున్నాడు.

"ఏమన్నారు?"

"అంగన్‌వాడీకి పొమ్మన్నారు నాయనా."

"ఉద్యోగానికా?"

"చదువుకోడానికి."

చెన్నయ్య చేతిలో గడ్డి అట్టాగే పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. గొడ్డు మెడ చాచి తానే లాక్కుంది. "పొద్దున్నే పోవాలా?" అన్నాడు చివరికి.

వంటింట్లోంచి తల్లి పేరమ్మ తొంగిచూసింది. "అవునయ్యా, మధ్యాన్నం పోతే గుడ్డు అయిపోదా? నీ కూతురు ఎమ్మెస్సీ చదవబోయి పలకా బలపం కాడికొచ్చింది. ఇంకో రెండుమార్లు పంపావంటే ఉయ్యాల కట్టాల్సొస్తది."

మర్నాడు కోటిరత్నం విశ్వవిద్యాలయం ఇచ్చిన లేఖ పట్టుకుని అంగన్‌వాడీకి వెళ్ళింది. అక్కడ టీచరు మార్తమ్మ. ఊరంతటికీ అక్క. లేఖ చదివి, మడిచి, మళ్ళీ విప్పి చదివింది.

"ఇదేంది రత్నం? 'సదరు బాలికను చేర్చుకొని' అని రాశారు. బాలికంటే నువ్వేనా?"

"నేనే మార్తమ్మక్కా."

"సరే, కూర్చో. గోడ వారగా కూర్చో. మధ్యలో కూర్చుంటే వెనక పిల్లలకు నేను కనపడను."

మార్తమ్మ నియమం తప్పే మనిషి కాదు. చేరిన బిడ్డను తూకం వెయ్యాలి. దూలానికి వేలాడే తక్కెట్లో పిల్లల్ని చెడ్డీలాంటి సంచిలో కూర్చోబెట్టి తూస్తారు. కోటిరత్నం ఒక కాలు దూర్చి చూసింది. దూలం కిర్రుమంది. చివరికి పక్కన రొయ్యల మేత తూచే కాటా మీద నిలబెట్టి తూచారు. బరువు, ఎత్తు చార్టులో పెడదామంటే గీతలు ఆమె మోకాలి దగ్గరే ఆగిపోయాయి. మార్తమ్మ ఆలోచించి, 'ఎదుగుదల బాగుంది' అని రాసింది.

పిల్లలతో పాటు కోటిరత్నం పాటలు పాడింది, చేతులు కడుక్కుంది, రంగు పూసలు గుచ్చింది, ఉడికిన గుడ్డు తిన్నది. పక్కన కూర్చున్న ఒక బుడ్డది ఆమెను ఎగాదిగా చూసి అడిగింది.

"అక్కా, నువ్వు ఫెయిలయ్యావా?"

"ప్యాసయ్యానే. అందుకే పంపారు."

బుడ్డది తన గుడ్డులో పచ్చసొన తీసి ఆమె కంచంలో పెట్టింది. జాలిపడో, తనకు పచ్చసొన గిట్టకో చెప్పలేం.

అంతా సవ్యంగానే సాగుతుండగా మార్తమ్మ ఫోను అడ్డం తిరిగింది. చేర్చుకున్న ప్రతి బిడ్డనూ ఆ ఫోన్లో ఎక్కించాలి. కోటిరత్నం ముఖం ఫోటో తీసింది. ఫోను తీసుకుంది. పుట్టిన తేదీ కొట్టింది. అదీ తీసుకుంది. తల్లి గర్భిణిగా ఉన్నప్పటి నమోదు నంబరు అడిగింది. అక్కడ ఆగిపోయింది. ఎన్నిసార్లు నొక్కినా చక్రం తిరుగుతూ కూర్చుంది.

"మీ అమ్మ నీ కడుపుతో ఉన్నప్పుడు ఏ సెంటర్లో రాయించుకుంది?"

"తొలిచూలని పుట్టింటికి పోయిందంటక్కా. ఆ ఊళ్ళో అప్పటికి సెంటరే లేదు."

"అయితే ఎట్టా? తల్లి లేకుండా బిడ్డని తీసుకోదమ్మా ఇది. ఫోనులో ఎక్కంది నేను ధ్రువపత్రం ఎట్టా ఇచ్చేది? నీ పునాది మీ అమ్మ కాడ ఆగింది."

ఆ సాయంత్రం కోటిరత్నం చేనిగట్టు మీదుగా ఇంటికి వస్తుంటే, కాలవ అవతల రోడ్డు మీద పసుపుపచ్చ పొక్లెయిన్ నిలిపి ఉంది. అమావాస్య ఇంకా రాలేదు గాని మిషను ముందే వచ్చి కూర్చుంది. చెరువు ఆసామి దాని నీడలో మడత కుర్చీ వేసుకుని, "ఏమ్మా, చదువైపోయిందా?" అని పలకరించాడు. ఆమె చేలోకి దిగి నడిచింది. కాలి కింద చౌడు అప్పడంలా పటపట విరిగింది.

*

ఈసారి సంఘం ముందుకు పేరమ్మ కూడా వచ్చింది. కూతురు వద్దంటున్నా వినలేదు. "నా కడుపు సంగతి నేను లేకుండా ఎట్టా మాట్లాడతారే" అని, ఆ పూట పొగాకు కూలి మానుకుని, ఉతికిన చీర కట్టుకుని బస్సెక్కింది.

ఈల మోగింది.

"అంగన్‌వాడీ స్థాయిలో లోపమున్నదని మేము భావించియుంటిమి. లోపము అంతకన్నను లోతైనదని తేలినది" అన్నారు ఏకాంబరంగారు గంభీరంగా. "తల్లిగారు సదరు గర్భమును సకాలములో నమోదు చేయించుకొనకపోవుట వలన, అభ్యర్థిని పుట్టుక పూర్వార్హత లేని పుట్టుక అయినది."

"ఏంది నాయనా, నా బిడ్డ పుట్టుకే చెల్లదంటున్నావా?"

"చెల్లదని అనలేదమ్మా. పునాది లేదంటున్నాం."

"పురుడు పోసిన మంత్రసాని ఇంకా బతికే ఉంది. పిలిపించమంటావా?"

"ప్రత్యక్ష సాక్ష్యములు ఈ సంఘ పరిధిలోనికి రావు. అయినను దారి మూసివేయడం లేదు. ఇప్పుడైనను నమోదు చేయించుకొనవచ్చును. పూర్వకాలం నుంచి వర్తించునట్లు ఉత్తర్వు ఇవ్వగలము. అందుకు గర్భిణి అని వైద్యుని ధ్రువీకరణ కావలెను."

"ఎవరు గర్భిణి?"

"తాము."

పేరమ్మ కొంగు నడుముకు దోపింది. రంగనాయకులుగారు కళ్ళు మూసుకున్నారు.

"ఈ వయసులో? ఎవర్ని మోస్తన్నట్టు రాయాలంట?"

"అభ్యర్థినిని."

"అది ఇదిగో, నా పక్కన నిలబడి ఉందిగదయ్యా, తాటిచెట్టంత!"

"ఆమె నిలబడియున్న విషయము సంఘము గమనించినది. అయితే..."

పరీక్షల అధికారి మధ్యలో వంగి ఏకాంబరంగారి చెవిలో ఏదో ఊదాడు. ఏకాంబరంగారు తలాడించారు. "మంచి ప్రశ్న. అమ్మా, తమరిని తమ తల్లిగారు నమోదు చేయించినట్లు ఆధారమేమైనా ఉన్నదా?"

"మా అమ్మ పోయి ఏళ్ళయింది."

"సంఘము సంతాపము తెలుపుచున్నది. ఆధారము లేదని రాసుకొనడమైనది."

పేరమ్మ గది నలువైపులా చూసింది. బల్ల మీది బోర్డులు చూసింది. చదువు పెద్దగా లేకపోయినా అక్షరాలు కూడబలుక్కోగలదు. ఒక్కటే మాట మూడుచోట్ల ఉంది. చివరికి ఆమె చూపు రిజిస్ట్రారు మెడ దగ్గర నిలిచింది.

"అయ్యా, అడుగుతున్నానని ఏమనుకోబాకు. ఆ ఈల ఏందీ? రిజిస్ట్రారంటే ఈల ఊదే పనా?"

"నా అసలు బాధ్యత క్రీడలమ్మా. ఇక్కడ ఇన్‌ఛార్జి."

"అంటే?"

"అర్హుడైన రిజిస్ట్రారు వచ్చేవరకు ఆ స్థానంలో ఉండువాడు."

"మరి ఆ కుర్చీకి ఉండాల్సిన చదువు నీకుందా?"

ఏకాంబరంగారి చేయి ఈల మీదకు వెళ్ళింది. వెళ్ళి ఆగింది. అబద్ధమాడే మనిషి కాదాయన. "ఇన్‌ఛార్జి బాధ్యతకు పూర్వార్హతలు వర్తించవమ్మా. అది కేవలం తాత్కాలికము."

"ఎన్నాళ్ళనుంచి తాత్కాలికం?"

"నాకు తెలిసి, నేను ఉద్యోగములో చేరినప్పటినుంచి. నాకు ముందున్నవారు కూడా తాత్కాలికముగానే రిటైరయ్యారు."

పేరమ్మ ఇంకేదో అనబోయింది. కోటిరత్నం తల్లి భుజం మీద చేయి వేసి ఆపింది. మేడ మీది బోర్డులు ఆమె కళ్ళముందు ఆడుతున్నాయి. సుద్దతో రాసిన పేర్లు చెరిగిపోతాయి. పెయింటు మాట అట్టాగే ఉంటుంది.

"సార్, నేలల ఎమ్మెస్సీలో సీటు ఇంకా ఖాళీగానే ఉందా?"

"ఉన్నది. అన్ని సీట్లూ ఉన్నవి. అర్హులు లేరు."

"అర్హులు వచ్చేదాకా ఒకదాంట్లో నన్ను ఇన్‌ఛార్జిగా కూర్చోబెట్టండి సార్."

సంఘం సభ్యులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కిటికీ అవతల మేక అరిచింది.

"ఇన్‌ఛార్జి... విద్యార్థినా?" అన్నారు ఏకాంబరంగారు.

"అవును సార్. తాత్కాలికంగానే. అర్హతలన్నీ ఉన్నవాళ్ళు రాగానే లేచి ఇచ్చేస్తాను."

"నియమాలలో ఎక్కడా లేదే!"

"వద్దని కూడా లేదండీ" అని రంగనాయకులుగారు ముందుకు వంగారు. ఆయనకు తన ఫ్యాను గుర్తుకొచ్చిందో, ఆ పిల్ల మొదటిరోజు చూసిన చూపు గుర్తుకొచ్చిందో గాని, కండువా భుజాన ఎగదోసుకున్నారు. "ప్రొఫెసరు కుర్చీకి ఇన్‌ఛార్జి ఉండగా లేని తప్పు, విద్యార్థి బెంచీకి ఉంటే వచ్చిందా? నేను పాఠం చెప్పగలిగితే ఆమె వినలేకపోతుందా?"

పరీక్షల అధికారికి మాత్రం మనసొప్పలేదు. "ఇదొక ఆనవాయితీ అవుతుంది. ఇన్‌ఛార్జి అయినా సరే, పూర్వార్హత ఉండాల్సిందేనని మనం ఒక తీర్మానం చేస్తే..." అని మొదలుపెట్టి, అధ్యక్షుడి ఈల చూశాడు, రంగనాయకులుగారి కండువా చూశాడు, తన ముందున్న బోర్డు చూసుకున్నాడు. కిటికీలోంచి గేటు మీది ఫ్లెక్సీలో ఇటుక పట్టుకుని నవ్వుతున్న ఇన్‌ఛార్జి ఉపకులపతిగారిని చూశాడు. మాట అక్కడే మింగేశాడు. గ్రంథాలయంలో కూడా ఎన్నడూ అంత మెల్లగా ఎవరూ మింగి ఉండరు.

ఏకాంబరంగారు ఈల ఊదారు. తీర్మానం ఇలా వెలువడింది: "అన్ని పూర్వార్హతలు కలిగిన విద్యార్థి చేరువరకు, లేదా తదుపరి ఉత్తర్వుల వరకు, వీటిలో ఏది ముందైతే అంతవరకు, కుమారి తన్నీరు కోటిరత్నం నేలల శాస్త్ర ఎమ్మెస్సీలో ఇన్‌ఛార్జి విద్యార్థినిగా పూర్తి అదనపు బాధ్యతలు నిర్వహించవలసినది. ఆమె పుట్టుకకు సంబంధించిన అంశమును పెండింగులో ఉంచడమైనది."

"పెండింగులో ఉంచితే ఉంచండి. పుట్టనైతే పుట్టిందిగా" అంది పేరమ్మ లేస్తూ.

*

బస్టాండు నుంచి కోటిరత్నం తండ్రికి ఫోను చేసింది.

"వచ్చిందా?"

"వచ్చింది నాయనా. అసలువాళ్ళు వచ్చేదాకా."

అటువైపు గాలి చప్పుడు వినిపిస్తోంది. చేలో ఉన్నాడు కాబోలు. "వస్తారా అసలువాళ్ళు?"

"ఇక్కడ వచ్చినట్టు ఎవరూ చూడలేదంట."

"సరే. మిషను వెనక్కి పొమ్మంటా."

వారం తిరక్కుండా గేటు దగ్గర కొత్త ఫ్లెక్సీ లేచింది. 'దేశంలోనే తొలి ఇన్‌ఛార్జి విద్యార్థిని' అని. పునాది సంవత్సరం సాధించిన విజయాల్లో మొదటిది అదేనట. అందులో కూడా ఉపకులపతిగారే ఉన్నారు. ఇటుక బదులు చేతిలో మొక్క ఉంది.

మొదటి క్లాసు రోజు బల్లకు ఇటు కోటిరత్నం, అటు రంగనాయకులుగారు కూర్చున్నారు. బల్ల మీద ఆమె ఇంటరు నాటి రసాయనశాస్త్రం పుస్తకం, అట్ట ఊడిపోయి ఉంది.

"చూడు తల్లీ, దాపరికం లేకుండా చెబుతున్నాను. నాకు రసాయనం రాదు" అన్నారాయన.

"నాకు ఇంటరు దాకా వచ్చు సార్."

"అయితే నువ్వే ముందున్నావు. ముందు మట్టి విప్పుదాం. ఏ కవరు?"

కోటిరత్నం తలుపు దగ్గరికి వెళ్ళి, కింద అడ్డం పెట్టిన కవరు రెండు చేతులా ఎత్తి తెచ్చింది. పురికొస ముడి గట్టిపడిపోయి వేళ్ళకు లొంగలేదు. పళ్ళతో పట్టి విప్పింది. రంగనాయకులుగారు పిడికెడు మట్టి తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నారు. గట్టిగా పీల్చారు.

"జీవితమంతా మట్టి వాసన గురించి రాశాను. మట్టిని వాసన చూడటం మాత్రం ఇదే మొదలమ్మా. దీనికేం వాసన లేదే!"

"చౌడు సార్. వాసన చచ్చిపోయింది. ఎందుకు చచ్చిందో, మళ్ళీ వస్తదో రాదో, అదే మనం చదవాల్సింది."

ఆయన మట్టిని జాగ్రత్తగా కాగితం మీద పోసి, వేళ్ళు దులుపుకోకుండానే కళ్ళజోడు పెట్టుకున్నారు. "ఎక్కడ మొదలు పెడదాం?"

"లవణాలు అని పాఠం ఉంది సార్."

ఆమె పుట తిప్పిందో లేదో, టప్‌మని చప్పుడయింది. ఇద్దరూ ఉలిక్కిపడి ఒక్కసారే తలుపువైపు చూశారు. అర్హతలన్నీ ఉన్న విద్యార్థి ఎవడైనా వచ్చాడేమోనని ఆమె. అర్హతలన్నీ ఉన్న ప్రొఫెసరు వచ్చాడేమోనని ఆయన. తలుపు తెరుచుకుంది. అవతల ఎవరూ లేరు. అడ్డం తీసేసిన తలుపు మళ్ళీ మూసుకుంది, మళ్ళీ తెరుచుకుంది.

"గాలి సార్" అంది కోటిరత్నం.

"గాలేనమ్మా" అన్నారు రంగనాయకులుగారు గుండె మీద చేయి వేసుకుని. "త్వరగా చదువు."